కొత్తపేటకు కాలువ యేది?

కొత్తపేట చౌరస్తాలో నిలుచుండి, "అయ్యా, ఇచ్చట కాలువ యెక్కడ నున్నది?" అని యెవరినైనను అడిగి చూడుడు. ఆ పెద్దమనిషి మిమ్ము ఆపాదమస్తకము ఒకమాఱు చూచి, "కాలువలు కోనసీమలో నుండును, తెనాలిలో నుండును; ఇది హైదరాబాదు, ఇచ్చట నాలాలు మాత్రమే యుండును" అని నవ్వి సాగిపోవును. తలమీద మెట్రో రైలు, ఇరుప్రక్కల వస్త్రముల దుకాణములు, కాళ్లక్రింద తారు రోడ్డు. ఇట్టిచోట కాలువను గూర్చి ప్రశ్నించుట వెఱ్ఱితనమని యాతడు తలచుటలో వింత యేమున్నది?

ఆ పెద్దమనిషి జవాబును మేమంగీకరింపజాలము. కొత్తపేట కాలువ లేని యూరు కాదు. రెండు కాలువల నడుమ బ్రతుకుచున్న యూరు. మొదటి కాలువ నీరు త్రాగుచున్నది. తాను వాడి విడిచిన నీటిని రెండవ కాలువలోనికి పంపుచున్నది. మొదటి దానికి ఇది చివరి ఆయకట్టు. రెండవ దానికి ఇదియే మొదటి ఆయకట్టు. కాలువ చివరనున్న రైతు న్యాయము కావలెనని మొఱపెట్టుకొనును. కాలువ మొదట నున్న రైతు ఆ మొఱ తనకు వినబడనట్లే యుండును. ఈ రెండు వేషములును ఒకే పట్టణము వేయుచున్నప్పుడు, చివరనుండి కోరుకొన్న న్యాయమును మొదటనుండి పాటించుచున్నదా యని ప్రశ్నించుట అవసరము. నేడు మేము పాఠకుల ముందుంచు ప్రశ్న యిదియే.

కాలువ యనగా నేమి?

ఏఱు పుట్టినది, కాలువ త్రవ్వబడినది. ఏఱు తన దారిని తానే వెదకుకొనును. కాలువకు దారి చూపిన మనుష్యుడొకడుండును. ఆ దారి యెవని పొలము మీదుగనో పోక తప్పదు. కావున ఒకని త్యాగము లేక కాలువ లేదు. దాని వాలును కొలిచి నిలుపవలెను. ఏటేట పూడిక తీయవలెను. నీరెవరికెంత, ఎన్నడు అను లెక్క యుండవలెను. దారి, వాలు, పూడిక, పాలు అను నీ నాలుగింటిలో నేది తప్పినను కాలువ కాలువగా నుండదు, గోతియగును.

మన తెలంగాణమున పెద్ద నదుల కాలువలకంటె చెఱువుల కాలువలు ప్రాచీనములు. పైచెఱువు నిండి మత్తడి దూకిన నీరు కాలువ వెంట క్రింది చెఱువును చేరును. అది నిండిన దాని క్రింది చెఱువు. దీనినే గొలుసుకట్టు అందురు. తూము తెఱచి పొలములకు వంతుల వారీగ నీరు విడుచుటకు ఊరియందు నీరటి యుండెడివాడు. ఎంతటి పట్టేదారైనను నీరటి మాట మీఱి మడికి నీరు త్రిప్పుకొనుట తప్పుగ నెంచబడెడిది. ఈ గొలుసులో కాలువకు రెండు పనులు కలవు: వాన లేనినాడు నీటిని తెచ్చుట, వాన హెచ్చిననాడు నీటిని కొనిపోవుట. మొదటి పనిని మన మందఱమును ఎఱుగుదుము. రెండవ పని జ్ఞప్తికి వచ్చునది ఇంటిలో మోకాటిలోతు నీరు నిలిచిన రాత్రి మాత్రమే.

కాలువ యుపయోగములు పొలముతో ముగియవు. త్రాగుట, పశువులను కడుగుట, గుడ్డలుతుకుట, ప్రక్క బావులలో ఊట నిలుపుట, పడవలు నడపుట, ఇవన్నియు దాని నిత్యకృత్యములు. 1832-33 నాటి నందన కఱవున కృష్ణా గోదావరీ మండలములు శ్మశానప్రాయములు కాగా, 1847లో ఆరంభింపబడి 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టయు, 1855 నాటికి సిద్ధమైన బెజవాడ ఆనకట్టయు ఆ సీమలను అన్నపూర్ణలుగ మార్చినవి. ఆ కాలువల నీరే ధాన్యపు బస్తాలను, పెండ్లివారిని, బడిపిల్లలను పడవలపై మోసికొని తిరిగెను. రైలుమార్గములకంటె పడవ కాలువలే ఈ దేశమునకు మేలని ఆర్థర్ కాటన్ వాదించుచు వచ్చెను. ఆ వాదమును నాటి ప్రభుత్వము చెవిని బెట్టలేదు; రైలుమార్గములకే పెద్దపీట వేసెను.

1877-78 నాటి ధాత కఱవులో ఆకలిగొన్నవారి చేతులతో పూర్తిచేయబడిన బకింగ్‌హాము కాలువ, గోదావరి కృష్ణా కాలువలతో కలిసి, కాకినాడనుండి మద్రాసు మీదుగ దక్షిణమునకు పడవ దారియయ్యెను. పడవలు మానిన తరువాత దానిని మురికిగుంటయని తీసివేసినవారే, 2004 డిసెంబరు 26న సునామీ కెరటము తీరముపై బడినపుడు ఆ నీటిలో కొంత యా కాలువలో నిలిచి వెనుకనున్న పల్లెలకు దెబ్బ తగ్గించుటను చూచి ఆశ్చర్యపడిరి. చచ్చినదనుకొన్న కాలువ సైతము తన రెండవ పనిని మఱవదు.

కాలువ విషయమున వ్యాపారబుద్ధి చెల్లదనుటకును మనయందే నిదర్శనము కలదు. కర్నూలు కడప కాలువను 1860 దశకమున త్రవ్వించినది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికైదు వడ్డీ తప్పక ముట్టునట్లు ప్రభుత్వముచే హామీ పొందిన సంస్థ యది. లాభము ముందే ఖాయమైనపుడు రైతు పొలమునకు నీరెక్కినను ఎక్కకున్నను కంపెనీకి నష్టమేమి? తుదకు 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను. కాలువనుండి ధనము పిండ జూచువాని చేతిలో కాలువ నిలువదు. కాలువకు ఋణపడియున్నాననుకొనువాని చేతిలోనే నిలుచును.

మొదటి కాలువ: మనము చివరివారము

ఇక కొత్తపేటకు వత్తము. తెల్లవారుజామున ఇంటి కొళాయి త్రిప్పిన గృహిణి బిందెలో పడునది కృష్ణానది నీరు. నల్లగొండ జిల్లాలో పుట్టంగండియొద్ద నాగార్జునసాగర జలాశయమునుండి ఎత్తిపోతల యంత్రములచే నా నీటిని పైకెత్తుదురు. అది కాలువ వెంట అక్కంపల్లి జలాశయమును చేరును. కోదండాపురమున శుద్ధియై, నూఱు కిలోమీటర్లకు పైబడిన గొట్టముల దారిని ఎల్.బి. నగరునకు ప్రక్కనే యున్న సాహెబ్‌నగరునకు వచ్చి మన వీధులలోనికి పంచబడును. 2004, 2008, 2015 సంవత్సరములలో మూడు దశలుగ నీ యేర్పాటు పూర్తియయ్యెను. మూడు దశలును గలిసి దినమునకు 27 కోట్ల గాలన్ల నీరు తేగల శక్తి దీనికి కలదు.

సాగరమునకు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. నాడు ఆ నీరు పొలముల కొఱకే యని సామాన్యుని తలంపు. నేడు పుట్టంగండిలో నెత్తిన నీటియందు నల్లగొండ మెట్టపొలములకు పాలున్నది. ఫ్లోరైడు నీటిచే తరతరములుగ ఎముకలు వంకరపోయిన పల్లెల దాహమునకు పాలున్నది. హైదరాబాదు పట్టణమునకును పాలున్నది. అనగా కొత్తపేట గృహస్థుడు బిందె నింపుకొన్నప్పుడెల్ల నల్లగొండ రైతుతో ఒకే కాలువను పంచుకొనుచున్నాడు. తాను కాలువ చివరనున్న భాగస్థుడనని యాతనికి తెలియకపోవచ్చును, తెలియకున్నను భాగస్థుడే.

చివరివాని భయములన్నియు మనకు కలవు. 2024 వేసవిలో సాగరమున నీటిమట్టము దిగిపోగా, అత్యవసరపు పంపులు దించి నగరమునకు నీరెత్తవలసివచ్చెను. 2023 నవంబరు చివర అదే యానకట్టపై రెండు తెలుగు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగ నిలిచిరి. నాడు పత్రికలు చదివిన ప్రతి పట్టణవాసియు, "ఎగువనున్నవారు న్యాయముగ నుండవలెను, కట్టుబాటు ప్రకారము నీరు విడువవలెను, దిగువవాని గొంతు నొక్కరాదు" అని పలికెను. ఆ మాట న్యాయమైనదే. దానిని జ్ఞప్తియందుంచుకొని రెండవ కాలువవద్దకు పోవుదము.

రెండవ కాలువ: మనము మొదటివారము

ఆ బిందె నీరే వంటకు, స్నానమునకు, బట్టలకు వాడబడి మధ్యాహ్నమునకు మోరీలో పడును. పిమ్మట దాని గతియేమి? కొంత శుద్ధికేంద్రములకు పోవును. కొంత శుద్ధి లేకయే నాలాల దారిని మూసీలో కలియును. అచ్చటితో తన పని తీరినదని పట్టణవాసి తలంచును. నిజమునకు కథ యచ్చటనే మొదలగుచున్నది.

నాగోలు దాటి తూర్పుగ పోయినచో మూసీకి అడ్డముగ వరుసగ కత్వలు కనబడును. ఇవి నీటిని ప్రక్క కాలువలకు మళ్లించు చిన్న ఆనకట్టలు. మన పెద్దలు కట్టినవి. పూర్వము మూసీలో వానకాలపు నీరు పాఱెడిది. నేడు వేసవిలోను ఎండక పాఱుచున్నది. ఏలయనిన అందు పాఱునది మన యింటి నీరే. ఆ నీటితో పీర్జాదిగూడ మొదలుకొని గట్టుల వెంట పశువుల గడ్డి పెంచుచున్నారు. ఆ గడ్డి పాడిపశువులకు పోవుచున్నది. ఆ పాలు తిరిగి నగరమునకే వచ్చుచున్నవి. అనగా మన మోరీలో పోసినది మన కాఫీ గిన్నెను వెదకుకొనుచు రావచ్చును. ఇంకను దిగువకు పోయిన ఏదులాబాదు చెఱువున్నది, పిల్లాయిపల్లి కాలువయున్నది, బునాదిగాని కాలువయున్నది, ధర్మారెడ్డి కాలువయున్నది. వీని క్రింద వరి పండుచున్నది.

ఇందొక సంగతి మనస్సును కలచివేయుచున్నది. పిల్లాయిపల్లి పోచంపల్లి మండలములోనిది. ఆ పోచంపల్లియందే 1951 ఏప్రిల్ 18న వినోబాభావే భూమిలేనివారి కొఱకు చేయి చాపగా, వెదిరె రామచంద్రారెడ్డి నూఱెకరముల భూమిని దానమిచ్చెను. దేశమంతటికిని భూదానము నేర్పిన నేలకు నేడు మన పట్టణము చేయుచున్న దానమేమి? రసాయనపు నురుగు, సబ్బుల మడ్డి, మలమూత్రముల నీరు. ఆ కాలువలోనికి దిగి నాటువేయు కూలి స్త్రీ కాళ్ల దురదకు నగరమందే బిల్లు పుస్తకమునను లెక్క వ్రాయబడదు.

ఆ రైతులు ఈ నీటిని వలదనుటయు లేదు. వేఱు నీరు లేదు గనుక వలదనజాలరు. ఏడాదియంతయు తప్పక వచ్చు నీరు గనుక దానిని నమ్ముకొనియున్నారు. వారు కోరునది నీటిని ఆపుమని కాదు, కడిగి పంపుమని. ఇంతకంటె మితమైన కోరిక యే కాలువ చివరి రైతైనను ఎన్నడైన కోరియుండునా?

వాడపల్లియొద్ద మూసీ తిరిగి కృష్ణలో కలియును. సాగరమునకు దిగువన గనుక ఆ నీరు మరల మన కొళాయికి రాదని కొందఱు స్థిమితపడవచ్చును. కాని యది పులిచింతల మీదుగ విజయవాడకు, 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీకి, అచ్చటినుండి డెల్టా కాలువలకు పోవును. కోనేటివంటి చల్లని నీటిని కృష్ణమ్మయొద్ద తీసికొని, త్రోవలో మైలపఱచి, ఆమెకే తిరిగి యప్పగించుచున్నాము. అరువు తెచ్చుకొన్న పాత్రను కడుగక తిరిగియిచ్చుట మన ఇండ్లలో మర్యాదయగునా?

నడుమ తెగిన గొలుసు

ఈ రెండు కాలువల నడుమ మూడవదొకటి యుండెను. దానిని మనమే పూడ్చివేసితిమి. అది చెఱువుల గొలుసు. మీర్‌పేట, జిల్లెలగూడ వైపు చెఱువుల నీరు పల్లమునకు దిగి సరూర్‌నగరు చెఱువును చేరును. కుతుబ్‌షాహీల కాలమున, నేటికి సుమారు నాలుగు వందల యేండ్ల క్రిందట త్రవ్వించిన చెఱువది. అది నిండిన పిమ్మట మత్తడి నీరు కోదండరాంనగరు, చైతన్యపురి ప్రాంతముల మీదుగ మూసీకి పోవలెను. పల్లమును మనము మార్చలేదు, మార్చలేము. పల్లముపై ఇండ్లు మాత్రము కట్టితిమి.

2020 సెప్టెంబరులో సరూర్‌నగరు ప్రాంతపు వరద నీటిలో ఒక మనుష్యుడు కొట్టుకొనిపోయి, చెఱువులో శవమై తేలెను. అది హెచ్చరిక. నెల తిరుగకుండ అక్టోబరు 13న కుండపోత కురిసెను. ఘట్‌కేసరు ప్రాంతమున ముప్పది సెంటీమీటర్లకు పైబడి వాన పడెను. చెఱువులు మత్తడి దూకినవి. నీరు తన పాత దారిని మఱువలేదు. ఆ దారిలో మన గదులు, మంచములు, బియ్యపు డబ్బాలు, పిల్లల పుస్తకములు ఉండినవి. తారు రోడ్లపై పడవలు నడిచినవి. కొత్తపేటలో కాలువ లేదని నవ్విన పెద్దమనిషికి ఆ రాత్రి కాలువయే స్వయముగ ఇంటికి వచ్చి తన యునికిని తెలిపిపోయెను. ప్రభుత్వము కుటుంబమునకు పదివేల రూపాయలు సహాయముగ ప్రకటించెను. తడిసిన పత్రముల విలువ యెంత, తడిసిన ధైర్యము విలువ యెంత?

ఇది దైవఘటనయని చెప్పి చేతులు దులుపుకొనుటకు వీలులేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మ్రింగినపుడు విశ్వేశ్వరయ్యను పిలిపించి కారణము విచారించిరి. ఎగువను ఉస్మాన్‌సాగరమును 1920లోను, హిమాయత్‌సాగరమును 1927లోను పూర్తిచేసిరి. 2000 ఆగస్టులో ఒక్కదినమున ఇరువదినాలుగు సెంటీమీటర్ల వాన పడి నగరము మునిగినపుడును నాలాల విస్తరణమును గూర్చి నివేదికలు వచ్చినవి. ఇరువదియేండ్లు గడచినవి. కాగితము మీద నాలా వెడల్పయ్యెను, నేలమీద ఇఱుకయ్యెను.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించినది. మంచి చెఱువునకు పండ్రెండు అంగములును, ఆఱు దోషములును అందు చెప్పబడినవి. ఆ దోషములలో రెండింటిని నేటి పాలకులు తమ గోడలపై వ్రాయించుకొనదగును. రెండు రాజ్యముల సరిహద్దున చెఱువుండుట యొకటి. నీరధికమై చోటు చాలకుండుట యింకొకటి. 2020లో మీర్‌పేట యొక నగరపాలకము, సరూర్‌నగరు వేఱొక నగరపాలకము. చెఱువొక శాఖది, నాలా యింకొక శాఖది, మురుగు గొట్టము మఱియొక శాఖది. పై రాజ్యము నీటిని వదలించుకొనుటకు చూచెను. క్రింది రాజ్యము ఎదుటివారిని నిందించుటకు చూచెను. నీటికి మాత్రము సరిహద్దులు తెలియవు. ఆఱున్నర శతాబ్దముల క్రిందటి శాసనకర్తకు తెలిసిన దోషము మన ఇంజనీరులకు తెలియదనుట యెట్లు? తెలిసియు జరిగినది.

2021 తరువాత వ్యూహాత్మక నాలా అభివృద్ధి పథకమను పేర కాంక్రీటు పెట్టె కాలువలు కట్టుట మంచిపనియే. దానిని మేము తీసివేయము. కాని మూతపెట్టిన కాలువ కంటికి దూరమగును. కంటికి దూరమైనది మనస్సునకును దూరమగును. లోన పూడిక యెంత పేరినదో పైనుండి పోవువాడెఱుగడు. మూత వేసినవారే ఏటేట వైశాఖమాసమునకు ముందు పూడిక తీసి, ఎంత తీసిరో ఆ కాలనీవారి యెదుట చదివి వినిపింపవలెను.

పత్రములు గలవారి మాట

ఇచ్చట న్యాయమైన యాక్షేపణ యొకటి కలదు. "మేము దొంగతనముగ కట్టుకొన్నవారము కాము. రిజిస్ట్రీ చేయించుకొంటిమి, అనుమతి పొందితిమి, పన్ను చెల్లించితిమి, బ్యాంకు అప్పు తీర్చుచున్నాము. నేడు వచ్చి కాలువ దారియన్నచో మా గతియేమి?" అని గృహస్థులడుగుచున్నారు. 2024లో హైడ్రాయను సంస్థ యేర్పడిన పిదప, అదే సంవత్సరమున మూసీ వెంట చైతన్యపురి, కొత్తపేట ప్రాంతముల ఇండ్ల గోడలపై ఎఱ్ఱ రంగుతో గుర్తులు వేసిరి. ఆ గుర్తు చూచిన యింట నాటి రాత్రి పొయ్యి వెలిగియుండునా? జీవితకాలపు కష్టార్జితము పెట్టి కొన్న రెండు గదులకు గోడమీది రంగే శాసనమగుట క్రూరము.

కాలువకు దారి కావలెను; ఇందు మాకు సందేహము లేదు. దారి యియ్యకున్న నీరు తానే తీసికొనును, అప్పుడు ధనవంతుడని, దరిద్రుడని చూడదు. కాని దారి తీయువరుసయందు న్యాయముండవలెను. మొదట, శిఖము భూమిని, కాలువ పోరంబోకును ప్లాట్లుగ కోసి అమ్మిన మనుష్యుని వెదకుడు. పిదప ఆ నక్షాపై సంతకము చేసిన యధికారిని వెదకుడు. తుదకు కొనినవానియొద్దకు పొండు. పోవునపుడు చేతిలో సుత్తి కాదు, మాఱు ఇంటి తాళపుచెవి యుండవలెను. నేడు నడచుచున్న వరుస దీనికి తలక్రిందులుగ నున్నది. అమ్మినవాడు పెద్దమనిషియై సభలలో ముందు వరుసను కూర్చుండుచున్నాడు; సంతకము చేసినవాడు పింఛను తీసికొనుచున్నాడు; కొనినవాడు రోడ్డున నిలువబడుచున్నాడు. ఇది కాలువ ధర్మము కాదు, ఏ ధర్మమును కాదు.

భూములు గలవారికొక మనవి

మా పాఠకులలో భూములు గలవారు పెక్కురు. కొత్తపేట కథ ముగిసినదని వారు తలంపవలదు. అది వారి యూరికి నడచి వచ్చుచున్నది. అబ్దుల్లాపూర్‌మెట్టు, తుర్కయంజాలు, ఇబ్రహీంపట్నము వైపు నేడు తరి పొలము ఖుష్కియై, ఖుష్కి ప్లాటగుచున్నది. ప్లాటు కొలుచువాని గొలుసుకు మొదట అడ్డువచ్చునది పంటకాలువయే. "దీనిలో నీరు పాఱి పదియేండ్లయినది గదా" యని దానిని చదును చేయుదురు. ఎండిన కాలువ చచ్చిన కాలువ కాదు. అది రెండవ పనికై, వాన హెచ్చిన రాత్రికై, నిరీక్షించుచున్నది.

చట్టము లేకపోలేదు. 2012 నాటి భవన నిర్మాణ నియమముల ప్రకారము పది హెక్టారులకు మించిన చెఱువు చుట్టును 30 మీటర్లు, చిన్న చెఱువునకు 9 మీటర్లు విడువవలెను. పది మీటర్లకు మించి వెడల్పుగల కాలువ, వాగు, నాలాల అంచునుండి 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు గలవానికి 2 మీటర్లు విడువవలెను. అమ్ముడుపోవు ఎకరములలో ఈ రెండు మీటర్లెంత? దానిని దాచుకొని యార్జించినది మనుమని కాలమున మునిగిన యింటిలో తేలియాడును.

కావున నాలుగు పనులు చేయుడని వేడుచున్నాము. భూమి నమ్మువారు నక్షాలో కాలువను చూపి, రాళ్లు పాతించి, అటుపిమ్మటనే అమ్ముడు. కొనువారు, ఇంటికి తూర్పు ముఖమున్నదా యని యడుగుటకు ముందు, వాననీరు ఏ ముఖమున పోవునని యడుగుడు. కాలనీ సంఘములవారు తమ వీధి నాలాకు పేరు పెట్టి, అది యే చెఱువునుండి యే చెఱువునకు పోవునో పలకపై వ్రాసి నిలుపుడు. పేరు గల దానిని పూడ్చుటకు మనుష్యుడు కొంత సిగ్గుపడును. ప్రభుత్వమువారు చెఱువునొకరికి, కాలువనొకరికి, మురుగునొకరికి పంచక, పైచెఱువు మొదలు మూసీ వఱకు గొలుసంతటికిని ఒక్క నీరటిని నియమించి, నీరు నిలిచిన రాత్రి బాధ్యుడెవరో ప్రజలకు తెలియజేయుడు. వాననీటి కాలువలో మురుగు కలుపుట మానుట అందఱి పని.

స్వరాజ్యమన్న తన నీటిపై తనకధికారము మాత్రమే కాదు. తన చేతినుండి దిగువకు పోవు నీటికి తాను పూచీపడుట. ఎగువవారిని న్యాయమడుగు హక్కు దిగువవారికి న్యాయము చేయువానికే యుండును. కృష్ణ కాలువ చివర నిలిచి కొత్తపేట యెంత గట్టిగ అడుగుచున్నదో, మూసీ కాలువ మొదట నిలిచి అంత గట్టిగ పాటించిననాడు ఆ చౌరస్తాలో మన ప్రశ్నకు జవాబు మాఱును. "కాలువ యెక్కడ?" అనినవానికి ఆ పెద్దమనిషి నవ్వక, "ఇదిగో, మా వీధి ప్రక్కనే, సరూర్‌నగరునుండి వచ్చి మూసీకి పోవుచున్నది, దాని క్రింద పోచంపల్లివారి వరి యున్నది" అని చేయి చాపి చూపవలెను. ఆ జవాబు వినబడు దినము కొఱకు పాటుపడుదము.